సూరత్‌కి వచ్చినవారు, సూరత్‌లో నిలిచినవారు



ఒక ఊరికి బయటివాళ్ళు ఎక్కువగా వస్తే ఆ ఊరు బాగుపడుతుందని మనమందరం అనుకుంటాం. అరకు రైలు నిండిందన్నా, తిరుపతిలో గదులు దొరకడం లేదన్నా ఆ ఊళ్ళలో డబ్బు పండుతోందని లెక్క కట్టేస్తాం. వచ్చినవాళ్ళు ఖర్చుపెట్టే మాట నిజమే. ఆ ఖర్చులో ఎంత ఆ ఊళ్ళో మిగులుతుంది, ఎవరి చేతికి చేరుతుంది అన్నది మాత్రం మనం సాధారణంగా అడగం. నాలుగు రోజులుండి వెళ్ళిపోయే యాత్రికుడి డబ్బు ఒక దారిన నడుస్తుంది. ఏళ్ళ తరబడి అక్కడే మకాం పెట్టిన పరాయివాడి డబ్బు ఇంకో దారిన నడుస్తుంది. ఈ రెండు దారులనీ సూరత్ నగరం ఆధారంగా మీ ముందు పెట్టాలని నా ప్రయత్నం.

సూరత్ విహారయాత్రలకు పేరుపడ్డ ఊరు కాదు. డుమస్ అనే సముద్రతీరం ఉంది, సువాలీ ఉంది, సెలవురోజుల్లో చుట్టుపక్కలవాళ్ళు వెళ్తారు. వాటికోసం మన ప్రాంతం నుంచి ఎవరూ రైలెక్కరు. అయినా నాలుగు వందల ఏళ్ళకు పైగా బయటివాళ్ళ రాకపోకల మీద ఇంతగా బతికిన ఊళ్ళు మన దేశంలో చాలా తక్కువ. పైగా వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నేతకుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడి ఉన్నాయి. అందుకని సూరత్ సంగతి మన ఇంటి సంగతి కూడా.

మొగలుల కాలంలో సూరత్ హజ్ యాత్రకు వాకిలి. ఉత్తర హిందూస్థానం నుంచి, దక్కను నుంచి మక్కా వెళ్ళాలనుకునే ముస్లిములు తపతీ నది ఒడ్డున ఉన్న ఈ రేవుకి చేరి, ఇక్కడ ఓడ ఎక్కేవారు. అక్బరు మేనత్త గుల్బదన్ బేగం 1576లో ఇక్కడినుంచే బయల్దేరింది. అంతఃపుర స్త్రీలతో వచ్చిన ఆ రాజవంశపు యాత్ర కూడా, సముద్రం మీద పోర్చుగీసువారి అనుమతి చీటీ కోసం, అనువైన గాలికోసం ఇక్కడ నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. ఆగిన యాత్రికుడు తినాలి, పడుకోవాలి, దారిఖర్చుకి సరంజామా కొనుక్కోవాలి. ఆ ఆగడమే సూరత్‌కి ఆదాయం.

ఓడలు గాలిని బట్టి నడిచేవి. ఎర్రసముద్రం వైపు వెళ్ళే ఓడలు వేసవి ముదరకముందే కదలాలి, నైరుతి గాలి తోడుతో తిరిగి రావాలి. కాబట్టి ఊరికి ఒక సీజను ఉండేది. 1666 జనవరిలో సూరత్‌లో దిగిన తెవెనో అనే ఫ్రెంచి యాత్రికుడు, ఓడలు వచ్చిపోయే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊళ్ళో బస దొరకడమే కష్టమనీ, శివారు పేటలు మూడూ జనంతో నిండిపోతాయనీ రాశాడు. ఆ మాట చదివితే మే నెలలో తిరుమల, డిసెంబరులో గోవా మనకి గుర్తొస్తాయి. గదుల అద్దె, బండి కిరాయి, పాలు, కట్టెలు అన్నిటికీ ఆ నాలుగు నెలలూ గిరాకీ ఒకలా ఉంటుంది, మిగతా నెలల్లో ఇంకోలా ఉంటుంది. ఊరి కూలీకి పని దొరికేదీ ఆ నాలుగు నెలల్లోనే, వాడు కొనే సరుకు ధర పెరిగేదీ ఆ నాలుగు నెలల్లోనే.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఆనాటి హజ్ యాత్రికులు ఖర్చుపెట్టి పోవడంతో సరిపెట్టలేదు. చాలామంది గుజరాతు బట్ట మూటలు కట్టుకుని వెళ్ళి జిద్దాలో, మక్కాలో అమ్మి దారిఖర్చు రాబట్టుకునేవారు. వాళ్ళతోపాటు అవే ఓడల్లో పెద్ద వర్తకుల సరుకూ వెళ్ళేది. తిరుగు ప్రయాణంలో వెండి వచ్చేది. ఆ వెండి సూరత్ టంకశాలలో రూపాయిలుగా మారి, మళ్ళీ పల్లెల్లోని సాలెవాళ్ళకి బయానాగా చేరేది. అంటే యాత్రికుడు తను ఆగిన ఊరి సరుకుని తన భుజం మీద మోసుకెళ్ళి అమ్మిపెట్టాడు. ఈ కాలపు పర్యాటకం ఇంత మేలు చేసిన ఊళ్ళు అరుదు. విమాన టిక్కెట్టు సొమ్ము ఒక దేశానికి, హోటలు లాభం ఇంకో నగరానికి పోయాక, పర్యాటకస్థలంలో గది ఊడ్చినవాడికి మిగిలేది ఆ సీజను కూలి మాత్రమే.

యాత్రికుల విలువ తెలిసిన పాలకులు వాళ్ళకోసం కట్టారు కూడా. 1644లో, షాజహాను కాలంలో, సూరత్‌లో ఒక పెద్ద సరాయి వెలిసింది. హజ్ యాత్రికులు దిగే విశాలమైన సత్రం అది. మొగల్ సరాయి అని ఇప్పటికీ పిలుస్తారు. తర్వాతి కాలంలో జైలుగా వాడారు. 1867 నుంచి పురపాలక కార్యాలయం అందులోనే ఉంది. ఈనాటి సూరత్ నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం ఆ సత్రమే. ఈ సత్రాన్ని మీరు కాస్త గుర్తుపెట్టుకోండి.

వచ్చిపోయేవాళ్ళ మీద బతికే ఊరికి ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. దారిలో ఏదైనా జరిగితే ఊరు ఆగిపోతుంది. 1613లో జహంగీరు తల్లికి చెందిన రహీమీ అనే ఓడని పోర్చుగీసువారు సూరత్ దగ్గర పట్టుకున్నారు. జహంగీరు వాళ్ళ వర్తకాన్ని ఆపించి, డామన్ మీదికి సేనని పంపాడు. 1695లో మక్కా యాత్రికులతో తిరిగివస్తున్న గంజ్-ఇ-సవాయీ అనే బాద్షాహీ ఓడని హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు ఓడదొంగ దోచుకున్నాడు. ఆ వార్త రేవుకి చేరగానే జనం ఆగ్రహంతో లేచారు. సూరత్‌లోని ఇంగ్లీషు కంపెనీ మనుషులని వాళ్ళ వర్తకపు కోఠీలోనే సంకెళ్ళతో బంధించారు. ఆ తర్వాత, యాత్రికుల ఓడలకు కాపలా వస్తామని యూరపు కంపెనీలు ఒప్పుకోవాల్సి వచ్చింది. యాత్రికుడి క్షేమానికి హామీ ఇస్తేనే పరాయివాడికి ఊళ్ళో చోటు. ఆ షరతు పెట్టగల బలం ఆనాటి సూరత్‌కి ఉంది.

ఆ పరాయివాళ్ళ సంగతికి వద్దాం. 1613లో ఇంగ్లీషువాళ్ళు సూరత్‌లో నిలదొక్కుకున్నారు, కొద్ది ఏళ్ళలో డచ్చివాళ్ళు, 1660లలో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. మన బందరు సంగతి కూడా అప్పుడే మొదలైంది. అక్కడ డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని బందరులో పేటల పేర్లు ఇంకా వినిపిస్తాయి. ఈ రెండు రేవులనీ కలిపిన మనిషి ఒకడున్నాడు. విలియం మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు. ఇతను మొదట బందరులో పనిచేసి, గోల్కొండ రాజ్యపు వజ్రపు గని చూసి, ఆ రాజ్యం గురించి పుస్తకం రాశాడు. 1633లో సూరత్ కోఠీకి అధ్యక్షుడయ్యాడు. గోల్కొండ వజ్రాలు భూమిలోంచి తీసే చోటు అప్పుడు మన కృష్ణ ఒడ్డు. ప్రపంచంలో అమ్ముడయ్యే వజ్రాల్లో అత్యధికభాగం సానపట్టే చోటు ఇప్పుడు మెథ్వోల్డ్ కూర్చున్న ఆ సూరతే.

కోఠీలో ఉన్న విదేశీయులు ఊరికి ఏమిచ్చారు? చాలానే ఇచ్చారు. ఇంటి అద్దె ఇచ్చారు. దళారులకు, లేఖకులకు, నౌకర్లకు, బోయీలకు జీతాలిచ్చారు. ముందస్తు సొమ్ముతో వేలాది మగ్గాలకు పని కల్పించారు. ఆ ముందస్తుకి వాళ్ళ దగ్గర డబ్బు సరిపోక ఊళ్ళోని షావుకార్ల దగ్గర అప్పుచేశారు. వీర్జీ వోరా అనే జైన వర్తకుడు ఇంగ్లీషువాళ్ళకీ డచ్చివాళ్ళకీ కూడా అప్పులిచ్చినవాడు. వడ్డీ సూరత్‌కే వచ్చేది. కంపెనీ దళారి భీమ్‌జీ పారెఖ్ అచ్చుయంత్రం కావాలని అడిగితే, 1674లో ఇంగ్లండు నుంచి ఒక ముద్రాపకుడిని కంపెనీ పంపింది. డచ్చివాళ్ళు వదిలివెళ్ళిన రొట్టెపొయ్యి ఒక పారసీ చేతికి వచ్చి, దానినుంచే సూరతీ నాన్‌ఖటాయి పుట్టిందని ఊళ్ళో చెప్పుకుంటారు. చివరికి చావులోనూ ఖర్చే. 1669లో చనిపోయిన జార్జ్ ఆక్సెండెన్ సమాధి, 1691లో చనిపోయిన డచ్చి అధికారి వాన్ రీడ్ సమాధి ఇప్పటికీ మేడల్లా నిలబడి ఉన్నాయి. ఒకరిని మించి ఒకరు కట్టించుకున్న ఆ గుమ్మటాలకు కూలి అందుకున్నది సూరత్ తాపీపనివాళ్ళు.

అయితే వాళ్ళు ఎలా కాపురమున్నారో చూస్తే అసలు విషయం తెలుస్తుంది. 1638లో సూరత్ వచ్చిన మాండెల్‌స్లో అనే జర్మను యువకుడు ఇంగ్లీషు కోఠీ జీవితాన్ని వర్ణించాడు. అందరూ ఒకే కప్పు కింద, ఒకే బల్ల దగ్గర భోజనం, వేళకి ప్రార్థన, అందరికీ కలిపి ఒక తోట. దాదాపు అందరూ పెళ్ళికానివాళ్ళు, లేదా భార్యాబిడ్డలని ఇంగ్లండులో వదిలివచ్చినవాళ్ళు. అంటే అది ఒక మెస్సు. అక్కడ ఉన్నవాడి దృష్టంతా కూడబెట్టి ఇంటికి పంపడం మీదే. వాడి జీతం, సొంత వ్యాపారంలో మిగిల్చింది, అన్నీ ఏదో ఒక రోజు ఓడెక్కి వెళ్ళిపోవాల్సినవే. అదే ఊళ్ళో బోరాలు, పారసీలు, ఆర్మీనియనులు కుటుంబాలతో ఉన్నారు. వీళ్ళ పూర్వీకులూ ఒకప్పుడు ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే. వాళ్ళు సంపాదించింది ఇళ్ళుగా, మసీదులుగా, అగ్నిగుడులుగా, చర్చిగా, పెళ్ళిళ్ళుగా, పిల్లల చదువులుగా సూరత్‌లోనే ఖర్చయింది. పరాయివాడు ఎంత కాలం ఉన్నాడన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. వాడి కుటుంబం ఎక్కడుందో చూడాలి. డబ్బు ఆ ఇల్లు వెతుక్కుంటూ పోతుంది.

ఈ మాటకు ఇంకో వైపు కూడా ఉంది. స్థిరపడ్డవాళ్ళు కదిలితే ఊరికి ఏమవుతుందో 1669లో సూరత్ చూసింది. ఖాజీ మతమార్పిడి ఒత్తిళ్ళు తట్టుకోలేక దాదాపు 8,000 మంది హిందూ, జైన వర్తకులు భీమ్‌జీ పారెఖ్ తదితరుల నాయకత్వంలో ఊరు విడిచి భరూచ్ వెళ్ళిపోయారు. టంకశాల ఆగింది, సుంకపుఠాణా మూతపడింది, ఇంటిఖర్చుకి కూడా చేతిలో పైసా పుట్టలేదు. చివరికి భరోసా వచ్చాకే, కొన్ని నెలల తర్వాత వాళ్ళు తిరిగివచ్చారు.

కంపెనీ మాత్రం తన లెక్క తాను చూసుకుంది. ఇంగ్లండు రాజు దగ్గర్నుంచి 1668లో బొంబాయి దీవి చేతికొచ్చింది. 1687లో తన ముఖ్యస్థానాన్ని సూరత్ నుంచి బొంబాయికి మార్చుకుంది. తపతి పూడిపోవడం, మొగలు ఏలుబడి కుంగిపోవడం, మరాఠా దాడుల భయం అన్నీ కలిసి వర్తకాన్ని బొంబాయి వైపు మళ్ళించాయి. 1759లో అదే కంపెనీ సూరత్ కోటని పట్టుకుంది, 1800 కల్లా ఊరే దాని చేతిలోకి పోయింది. అనుమతి అడిగి అద్దెకి దిగినవాడు యజమాని అయ్యాడు. హజ్ ఓడలూ క్రమంగా బొంబాయి నుంచే కదిలాయి. బస దొరకని ఊళ్ళో గదులు ఖాళీపడ్డాయి.

ఇక ఈనాటి మాట. ఇప్పుడు సూరత్‌కి వచ్చిపోయేవాళ్ళలో ముఖ్యులు చీరల వ్యాపారులు. రింగురోడ్డు బట్టల మార్కెట్టుకి విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి దుకాణదారులు వెళ్తారు. స్టేషను దగ్గర లాడ్జీలో దిగి, రెండుమూడు రోజులు తిరిగి, పార్సిలు బుక్ చేసి వచ్చేస్తారు. చలికాలంలో ఇంగ్లండు, ఆఫ్రికాల్లో స్థిరపడ్డ సూరతీలు పెళ్ళిళ్ళకి, నగలకి, పచ్చి జొన్నగింజల పోంక్ తినడానికి వస్తారు. 2023 డిసెంబరు 17న పెద్ద వజ్రాల బోర్సుని, విమానాశ్రయంలో కొత్త టెర్మినలుని ఒకే రోజు ప్రారంభించారు. ఇలా వచ్చిపోయేవాళ్ళ ఖర్చు హోటళ్ళకి, ఆటోలకి, మిఠాయి దుకాణాలకి మేలే.

ఆ ఊరిని నడిపేది మాత్రం వచ్చి ఉన్నవాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో నగరం 44 లక్షలు దాటింది. అందులో సగానికి పైగా వేరేచోట నుంచి వచ్చినవాళ్ళు. వెయ్యిమంది మగవాళ్ళకి దాదాపు 760 మంది ఆడవాళ్ళే ఉన్నారు. మగవాడు పనికి వచ్చాడు, కుటుంబం సొంతూళ్ళో ఉంది అని ఆ అంకె చెబుతోంది. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చిన మరమగ్గాల కార్మికులే దీనికి ఉదాహరణ. పన్నెండు గంటల షిఫ్టు. మెస్సు గదిలో వరసగా పరుపులు. పగటి షిఫ్టువాడు లేచిన పరుపు మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. సంపాదనలో తిండికీ పడకకీ పోగా మిగిలింది గంజాం వెళ్తుంది. అతను పంపక తప్పదు, తల్లిదండ్రులు, పిల్లలు అక్కడున్నారు. అలా పంపడంలో తప్పేమీ లేదు. అతన్ని ఒంటరిగా ఉంచిన ఏర్పాటుదే తప్పు.

మన పద్మశాలీల తీరు కొంత వేరుగా నడిచింది. తెలంగాణలో చేతిమగ్గం కూడుపెట్టని రోజుల్లో వాళ్ళు షోలాపూరు, భీవండి, సూరత్ దారి పట్టారు. ముందు మగవాడు వెళ్ళినా, వెనకే ఆలుబిడ్డలని పిలిపించుకున్నారు. సూరత్‌లోని లింబాయత్ వైపు వెళ్తే తెలుగు బోర్డులు కనబడతాయి, తెలంగాణ మాట వినబడుతుంది. మార్కండేయుడి గుడి కట్టుకున్నారు. బతుకమ్మ ఆడతారు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కూలీగా మొదలుపెట్టి సొంత కార్ఖానా పెట్టుకున్నవాళ్ళున్నారు. ఇంటికి ఆడవాళ్ళు వచ్చారు కాబట్టి చీరెలకి రాళ్ళంటించే పని, దారాలు కత్తిరించే పని ఇంట్లోకే వచ్చింది. ఆ పనికి కూలి చాలా తక్కువ, అది వేరే బాధ. కానీ ఆ కుటుంబం కిరాణా అక్కడే కొంటుంది, ఫీజు అక్కడే కడుతుంది, అద్దె అక్కడే ఇస్తుంది, కూడబెట్టి అక్కడే గది కొంటుంది. వరంగల్ మీదుగా సూరత్ వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వాళ్ళు పండక్కి వస్తారు, పెళ్ళికి వస్తారు, మళ్ళీ వెళ్ళిపోతారు. సొంతూరికి వాళ్ళే ఇప్పుడు యాత్రికులు.

ఇందులో సూరత్ నగరపాలక సంస్థకి ఇవ్వాల్సిన మెప్పు ఇవ్వాలి. దాని ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతోపాటు తెలుగు మాధ్యమం కూడా నడుస్తోంది. గుజరాతులో ఒక నగరం తన పన్నుల సొమ్ముతో తెలుగుపిల్లలకి తెలుగులో చదువు చెబుతోంది. నా దృష్టిలో ఆ బడి విమానాశ్రయమంత విలువైన పెట్టుబడి. పిల్లల చదువు కుదిరిన కుటుంబం ఊరు విడవదు.

కుటుంబం కుదరనివాడు ఎంత త్వరగా వెళ్ళిపోతాడో సూరత్‌కి అనుభవమే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయానికి కొద్ది రోజుల్లోనే లక్షలమంది ఊరు వదిలారు. మగ్గాలు, వజ్రాల సానలు ఆగిపోయాయి. ఆ దెబ్బకి కళ్ళు తెరిచి, 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో నగరం మురికిని కడుక్కుంది. దేశంలో శుభ్రమైన నగరాల వరసలో నిలిచింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోరుతో కలిసి మొదటి స్థానం పొందింది. వీధులు బాగయ్యాయి. మెస్సు గదులు ఆ వేగంతో బాగుపడలేదు. 2020 లాక్‌డౌన్‌లో పని లేక, కూలి అందక, కార్మికులు మమ్మల్ని ఇంటికి పంపండని సూరత్ వీధుల్లోకి వచ్చారు. మే నెలలో శ్రామిక్ రైళ్ళు నిండిపోయాయి. ఆ తర్వాత వాళ్ళని వెనక్కి పిలిపించుకోవడానికి యజమానులు తంటాలు పడ్డారు. అదే ఏడాది జూలైలో, నగరాల్లో వలసకార్మికులకి తక్కువ అద్దె ఇళ్ళ పథకాన్ని కేంద్రప్రభుత్వం తెచ్చింది. ముప్ఫై ఏళ్ళు ముందు రావాల్సిన పథకం అది.

1644లో యాత్రికుడికోసం సరాయి కట్టిన ఊరది. యాత్రికుడు డబ్బు తెస్తాడని పాలకులకి తెలుసు, అందుకే కట్టారు. ఇప్పుడు ఆ ఊరి మగ్గం తిప్పేవాడు అంతకంటే ఎక్కువే తెస్తున్నాడు. వాడికీ, వాడి భార్యాబిడ్డలకీ చాలినన్ని గదులు ఇంకా లేవు. దానధర్మాల మాట పక్కనపెట్టి వర్తకపు లెక్కే చూసినా ఇది నష్టం. గంజాం వెళ్ళే జీతంలో సగం సూరత్‌లో ఖర్చయితే ఎన్ని దుకాణాలు నడుస్తాయో అక్కడి వ్యాపారులే ఆలోచించాలి.

మన నేతన్నల విలువ సొంత రాష్ట్రానికీ తెలిసింది. 2017 అక్టోబరు 22న వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకి శంకుస్థాపన జరిగినప్పుడు, సూరత్, భీవండి వెళ్ళిన నేతన్నలని వెనక్కి రప్పించడం ఒక ఉద్దేశంగా చెప్పారు. మంచి ఉద్దేశం. కానీ సూరత్‌లో పుట్టి, అక్కడే చదివి, అక్కడే పని నేర్చిన మూడో తరం, షెడ్డు కట్టారని తిరిగిరాదు. ఇల్లు, బడి, ఆడవాళ్ళకి పని, ఈ మూడూ షెడ్డుతోపాటే ఉండాలి.

చివరిగా, పర్యాటక ప్రణాళికలు వేసే మన అధికారులకీ, స్థానిక సంస్థల సభ్యులకీ ఒక విన్నపం. విశాఖ తీరంలోనో, అరకులోనో, నాగార్జునసాగర్‌లోనో కొత్త హోటలుకి అనుమతి ఇచ్చేటప్పుడు ఎన్ని గదులని అడుగుతున్నారు. ఆ గదులు తుడిచేవాళ్ళు, వంటచేసేవాళ్ళు, బండి నడిపేవాళ్ళు కుటుంబంతో ఎక్కడ ఉంటారు, వాళ్ళ పిల్లలు ఏ బడికి వెళ్తారు అని కూడా అదే కాగితం మీద అడగండి. జవాబు రాసివ్వనిదే అనుమతి ఇవ్వకండి.